మూడు లిపుల ఇంట్లో తెలుగు రాతకు ఏ కీబోర్డు, ఏ ఎడిటర్?

ఉక్కు కర్మాగారంలో పని కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన కుటుంబాలు జంషెడ్‌పూర్‌లో తరాలుగా స్థిరపడ్డాయి. సిద్ధగోరా వంటి పేటల్లో పెరిగిన తెలుగు పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, ఉద్యోగంలో ఇంగ్లీషు. అలాంటివారు కంప్యూటర్‌లో తెలుగు రాయాలంటే ఏది ఎంచుకోవాలి?

ఈమాక్స్ గొప్పదా, విమ్ గొప్పదా అని ప్రోగ్రామర్లు దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. ఇంగ్లీషులో రాసేవారికి అది అభిరుచి సంగతి. తెలుగులో రాసేవారికి అంతకంటే ముందు వచ్చే ప్రశ్న, అక్షరం సరిగ్గా కనిపిస్తుందా లేదా అన్నది.

ఒక అక్షరం, ఆరు సంకేతాలు

'స్త్రీ' కంటికి ఒకే అక్షరం. యూనికోడ్‌లో మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం కలిపి ఆరు సంకేతాలు. వీటిని ఒక రూపంగా కూర్చే పని సాఫ్ట్‌వేర్‌ది. అక్కడ పొరపాటు జరిగితే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో తెలిసింది. 'జ్ఞా'కు సంబంధించిన ఒక సంకేతాల వరుస మెసేజ్‌గా వస్తే ఐఫోన్‌లో యాప్‌లు మూతపడ్డాయి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది.

కీబోర్డు

ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో భారతీయ లిపులన్నిటికీ దాదాపు ఒకే అమరిక. హిందీలో 'క' ఉన్న మీటపైనే తెలుగు 'క' ఉంటుంది. అచ్చులు, గుణింతాలు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి వస్తాయి. హిందీ టైపింగ్ ఇలా నేర్చినవారు తెలుగుకు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోనక్కర్లేదు. ఇంగ్లీషు మీటలకే అలవాటుపడినవారికి వీవెన్ రూపొందించిన లేఖిని సులువు. అమ్మను ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగులోకి మారుతుంది.

ఎడిటర్

ఈమాక్స్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ముందే ఉంటుంది. కంట్రోల్‌తో బ్యాక్‌స్లాష్ నొక్కితే భాష మారుతుంది, కంట్రోల్ ఆదేశాలు ఎప్పటిలాగే పనిచేస్తాయి. విమ్‌లో ఆదేశాలే ఇంగ్లీషు అక్షరాలు. సిస్టమ్ కీబోర్డు తెలుగులో ఉండగా వరుస తుడిచేయడానికి 'డి' రెండుసార్లు నొక్కినా ఆదేశం పారదు. పైగా చాలా టెర్మినళ్లు అక్షరాలను సమానమైన గళ్లలో పేర్చుతాయి కాబట్టి వత్తులు పక్కకు జరగవచ్చు. వీఎస్ కోడ్ బ్రౌజర్ సాంకేతికతపై నడుస్తుంది కనుక సరైన ఫాంటు ఉంటే తెలుగును చక్కగానే చూపుతుంది.

మెనూల భాష వేరే విషయం. లినక్స్ డెస్క్‌టాప్‌లు కొన్ని తెలుగు మెనూలతోనూ దొరుకుతాయి. లిపి ఇంకా కూడబలుక్కుని చదివేవారు మెనూలు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంచుకుని తెలుగు రాయవచ్చు.

ఫైలు మిగలాలంటే

అభిరుచికి వదలకూడనిది ఒక్కటే, ఎన్‌కోడింగ్. 1991 నాటి తొలి వెర్షన్‌లోనే యూనికోడ్ తెలుగుకు చోటిచ్చింది. అయినా డీటీపీ సెంటర్లలో అను వంటి పాత ఫాంట్లతో కొట్టిన పెళ్లిపత్రికలు, సంఘాల సంచికలు చాలానే ఉన్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అవి అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి, వెతికినా దొరకవు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకుంటే మనవళ్లకూ పనికొస్తాయి.

కొత్త ఎడిటర్‌ను పరీక్షించడానికి 'స్త్రీ', 'జ్ఞానం', 'రాష్ట్రం' రాసి చూస్తే చాలు. వత్తు చోటు తప్పకుండా, వెతికితే దొరికి, ఫైలు మూసి మరో కంప్యూటర్‌లో తెరిచినా అలాగే ఉంటే ఆ ఎడిటర్ తెలుగుకు పనికొస్తుంది. ఆ తర్వాత ఎవరి ఇష్టం వారిది.