నంబరు లేని సన్నాయి

మా చీమకుర్తిలో రాయికి ధర కట్టడం అంటే కళ్ళతో చేసే పని. నల్లటి గెలాక్సీ గ్రానైట్ పలక మీద బంగారు చుక్కలు ఎంత దట్టంగా ఉన్నాయి, సమంగా పరుచుకున్నాయా, చార ఏమైనా పోయిందా అని చూస్తారు. పాత సాక్సఫోన్లకి ధర ఎలా కడతారో చదువుతుంటే నాకు ఆ పలకలే గుర్తొచ్చాయి.

అడాల్ఫ్ సాక్స్ 1846లో పారిస్‌లో పేటెంటు తీసుకున్న వాయిద్యం ఇది. పాతవాటిలో ఎక్కువమంది వెతికేది సెల్మర్ కంపెనీ 1954లో తెచ్చిన మార్క్ సిక్స్. ఒంటి మీదున్న సీరియల్ నంబరుని బట్టి ఏ ఏడాదిదో చెప్పేస్తారు. ఐదంకెల నంబరైతే మోజు ఎక్కువ, ధరా ఎక్కువే. తర్వాత చూసేది పూత. ఫ్యాక్టరీలో వేసిన లాకర్ సగం రాలిపోయినా ఫరవాలేదు గానీ, దాన్ని గీకేసి కొత్త పూత వేయిస్తే ధర పడిపోతుంది. పాలిష్ చక్రం కింద ఇత్తడి పలచబడుతుంది, చెక్కిన నగిషీ అరిగిపోతుంది. మెడ వంగితే సరిచేసిన గుర్తులుంటే ఇంకా తగ్గుతుంది. మీటల కింద తోలు మెత్తలు మార్చడం మాత్రం తప్పు కాదు, అవి ఎలాగూ పాడయ్యేవే.

ఈ లెక్క మన పెళ్ళి బ్యాండుకి పెట్టి చూడండి. 1885లో నాదిర్ అలీ కంపెనీ మొదలైన మీరట్ ఇప్పటికీ మన బ్యాండ్ వాయిద్యాలకి పెద్ద కేంద్రం. ఆ సాక్సఫోను ఊరేగింపులో తళతళలాడకపోతే బ్యాండ్ మాస్టారికి బేరం రాదు. కొనేవాడు తప్పు పట్టే ఆ మెరుగే వాయించేవాడికి కూడు పెడుతుంది.

కద్రి గోపాల్‌నాథ్ సంగతి ఇంకా తమాషా. నాదస్వర విద్వాంసుడి కొడుకు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సఫోన్ విని దాని వెంట పడ్డారు. గమకాలు పలికేలా వాయిద్యంలో మార్పులు చేసుకున్నారు. అసలు రూపం చెడిందంటే ధర తగ్గాలి కదా! ఆయన మాత్రం 1994లో లండన్ ప్రోమ్స్‌లో కచేరీ చేశారు.

నాదస్వరానికైతే నంబరే లేదు. ఒంగోలుకి అటుపక్క కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానాకి అది ఇంటి విద్య. తంజావూరు బాణీ కోసం నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర నేర్చుకుని, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అయ్యారు. తంజావూరు జిల్లా నరసింగంపేటలో నాదస్వరాలు చేసేవాళ్ళు పచ్చి కర్ర ముట్టరు. పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు దొరికే ఆచ్చా కర్ర దూలాలు కొంటారు, దశాబ్దాలు ఎండిన కర్ర పగలదు కాబట్టి. అంటే కొత్త నాదస్వరం కూడా పుట్టుకతోనే పాతది! వేళ్ళు ఆడేవి ఏడు రంధ్రాలు. కింద ఇంకో అయిదు ఉంటాయి, వాటిని మైనంతో మూసి శ్రుతి సరిచేసుకుంటారు. దీని విలువ కంటితో తేలదు. పీక తడిపి ఊదాల్సిందే, అదీ ఊదడం వచ్చినవాడు.

అందుకే నాకు బెంగ. ఊదేవాళ్ళు లేని ఇంట్లో ఇది అలంకరణ సామాను కింద లెక్క. సాక్సఫోన్‌కి యజమాని పోయినా నంబరు మిగులుతుంది. దీనికి వాయించినవాడి పేరు పోతే ఇంకేమీ మిగలదు. మీ వైపు ఎవరైనా అమ్ముతుంటే, బేరానికి ముందు ఓ చీటీ రాసి దానికి కట్టండి: ఎవరు వాయించారు, ఏ గుళ్ళో, ఏ శ్రుతికి.