కొల్లేటి ఆడవాళ్ల చరిత్ర సంఘం పుస్తకాల్లో ఉంది

మా ఏలూరు పక్కనున్న పెదవేగే ఒకప్పటి వేంగి. శాలంకాయనులు, తూర్పు చాళుక్యులు ఎవరికి ఏ ఊరు దానమిచ్చారో రాగిరేకులు చెబుతాయి. మావుల్లో (చేపలు పట్టే బోనుల్లో) పడ్డ చేపను ఎండబెట్టి, గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా అమ్మిన కొల్లేటి ఆడవాళ్ల సంగతి ఏ రేకూ చెప్పదు.

ఆ లోటు తీర్చే కాగితాలు కొల్లేటి లంక గ్రామాల్లో ట్రంకుపెట్టెల అడుగున ఉన్నాయి. అవి ఆడవాళ్ల డ్వాక్రా పొదుపు సంఘాల పుస్తకాలు. 1982లో మొదలైన డ్వాక్రా పథకం, నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా మీద తిరగబడిన 1992 తర్వాత, రోజుకో రూపాయి పొదుపుతో పల్లెపల్లెకూ పాకింది. 2000లో వెలుగు పథకం వచ్చాక గ్రామ సంఘాలు, మండల సమాఖ్యలు నిలబడ్డాయి. సంఘానికున్న పంచసూత్రాల్లో పుస్తకాలు రాయడం ఒకటి. అలా మన ఊళ్లలో ఆడవాళ్లు తమ లెక్క తామే రాసి, వేలిముద్రో సంతకమో పెట్టి దాచారు.

ఎవరు దేనికి అప్పు తీసుకున్నారు? వలకా, గేదెకా, పురుటికా, పిల్లవాడి ఫీజుకా? వాయిదా ఎప్పుడు ఆగింది? కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఈ తేదీలన్నీ సర్కారు కాగితాల్లో దొరుకుతాయి. ఆ ఏళ్లలో ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో తెలియాలంటే మాత్రం సంఘం పద్దులే చూడాలి.

ఇప్పుడు సంఘాల లెక్కలు కంప్యూటర్లోకీ ఫోన్లోకీ ఎక్కాయి. ఇక పాత పుస్తకానికి చెదలో, పాతకాగితాల బండో గతి. 2022లో జిల్లాలు మారి, కైకలూరు వైపు ఊళ్లు ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. పాత దస్త్రాలు ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సిన కాలమిది.

పుస్తకాలకెక్కని జ్ఞాపకాలనూ దాచుకోవాలి. చేపల చెరువులు తవ్వకముందు, ఎండాకాలం నీరు తీశాక కొల్లేటి అడుగున వరి వేసిన రోజులు చూసిన పెద్దమ్మలు ఇంకా ఉన్నారు. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు పడవల మీద వెళ్లినవాళ్లూ ఉన్నారు. డిగ్రీ చదివిన మనవరాళ్లు వాళ్ల దగ్గర కూర్చుని ఆ మాటలు రికార్డు చేయాలి. ప్రతి మండల సమాఖ్యా పాత పుస్తకాలకు ఒక బీరువా కేటాయించాలి. అప్పు పడినవాళ్ల పేర్లు బయటపెట్టకుండా, మిగతాదంతా భద్రపరచాలి.

అక్కల్లారా, చెల్లెళ్లారా, ఈ నెల సంఘం సమావేశంలోనే ఆ తీర్మానం రాయండి.