శరీరకుహరం

జంతువు పేగుకూ ఒంటిగోడకూ నడుమ ద్రవం నిండిన చోటే శరీరకుహరం. ఉత్త ఖాళీలా కనిపించినా అది జంతువుకు గొప్ప పనిముట్టు. వాన పడ్డాక చిత్తూరు చేలల్లో వానపామును కాసేపు గమనిస్తే చాలు. ఎముకే లేని ఆ ఒంట్లో ఒక ఖండంలోని వలయ కండరాలు బిగిస్తే లోపలి ద్రవం కుదించుకుపోదు, కాబట్టి ఆ ఖండం సన్నబడి ముందుకు సాగుతుంది. నిలువు కండరాలు ముడుచుకోగానే పొట్టిగా, లావుగా మారి మట్టిని పక్కకు నెడుతుంది. లోపల అడ్డుగోడలు ఉన్నందున ఒక్కో ఖండం విడిగా పనిచేయగలదు. పలమనేరు, కుప్పం ప్రాంతాల్లో పెంచే పట్టుపురుగుది మరో ఏర్పాటు. దానిలో అసలు కుహరం కుంచించుకుపోయి, ఆ చోటును రక్తకుహరం ఆక్రమించింది; అవయవాలన్నీ రక్తంలోనే మునిగి ఉంటాయి. అంత మెత్తటి ఒళ్లు బిర్రుగా నిలిచేది ఆ ద్రవపీడనం వల్లే.

కుహరం లేని బద్దెపురుగు కింద, చుట్టూ సొంత పొర పూర్తిగా లేని మిథ్యాకుహరమున్న ఏలికపాము నడుమ, ఆ పొర పూర్తిగా ఉన్న నిజకుహరమున్న వానపాము పైన అని పరిణామాన్ని మెట్లుగా చెప్పడం పాఠ్యపుస్తకాల పాత అలవాటు. ఆ నిచ్చెన నిలవదు. 1997లో జన్యుక్రమాల పోలిక ఏలికపాముల వర్గాన్ని కుబుసం విడిచే కీటకాల సరసన చేర్చింది. బద్దెపురుగులేమో వానపాముల వైపు చేరాయి. కుహరం కొన్ని శాఖల్లో రూపు మారి, కొన్నింట్లో కనుమరుగై ఉండాలి. అలాగైతే వర్గీకరణకు అది పనికిరాదా అనవచ్చు. ఒంటరి ఆధారంగా పనికిరాదు. జన్యువులతో, పిండదశతో కలిపి చూస్తే మాత్రం ఎంతో చెబుతుంది. పైగా కుహరం లేకపోవడం వెనుకబాటూ కాదు. నోరు, పేగు లేని బద్దెపురుగు ఒంటిగోడతోనే ఆహారం పీల్చుకుంటుంది. పలచటి రిబ్బనులాంటి ఒంట్లో ఏ కణమూ ఆ గోడకు దూరంగా ఉండదు.