తెల్ల నీరు, బోలు సూది

ఖతీఫ్‌లో మేము చూసే రోగులలో ఖర్జూరపు తోటల్లో వయసంతా గడిపిన ముసలివారు చాలమంది. చూపు మందగించిందని వచ్చినవారికి శుక్లం ఉన్నదంటే, "అల్‌ మా అల్‌ అబ్యద్‌" అని వారే పేరు చెబుతారు. అనగా తెల్ల నీరు. ఆ నీరు ఎప్పుడు తీస్తారని అడుగుతారు. ఈ పేరు వెనుక పెద్ద చరిత్రే ఉన్నది.

మన సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో శుక్లానికి వాడే శలాక కొలతలున్నాయి. పొడవు ఎనిమిది వేళ్ళ వెడల్పు, నడుమ దారపు చుట్టు, మొగ్గవంటి కొన. రాగి, ఇనుము, బంగారం ఏదైనా సరే. దానితో కంటిగుడ్డు పక్కన పొడిచి, పాపకు అడ్డమైన తెలుపును తప్పించేవారు. అది కఫమని నమ్మినందున, ఆపైన రోగిచేత ముక్కు చీదించమని కూడ రాశారు.

గ్రీకులు, వారి తరువాత అరబ్బులు దానిని పైనుండి దిగిన నీరనుకున్నారు. నీరైతే నెట్టడమెందుకు, పీల్చివేయవచ్చును గదా! మోసుల్‌లో పుట్టి ఈజిప్టులో వైద్యం చేసిన అమ్మార్‌ ఇబ్న్‌ అలీ, సుమారు 1000వ సంవత్సరంలో, బోలు సూదితో శుక్లాన్ని పీల్చి తీశాడు. మెత్తని శుక్లమైతే వస్తుంది. గట్టిపడినది సూదిలో దూరదు.

అది నీరు కాదు, మసకబారిన కంటి కటకమేనని 1705లో ఫ్రాన్సులో బ్రిసో చనిపోయినవాని కన్ను కోసి చూపాడు. 1747లో దావియెల్‌ కటకాన్నే కోసి బయటికి తీశాడు. 1967లో అమెరికాలో కెల్మన్‌, పంటి వైద్యుడు గార తీసే పరికరాన్ని చూసి, శబ్ద తరంగాలతో కదిలే బోలు సూది చేయించాడు. అది కటకాన్ని నలగగొట్టి పీలుస్తుంది. కోత మూడు మిల్లీమీటర్లు చాలు. అమ్మార్‌ కారణం తప్పినా, సూది ఆకారం తప్పలేదన్నమాట.

ఇంతకూ ఇదంతా రాయడమెందుకంటే, పరికరం మారినా మాట మారలేదు. శుక్లం ముదిరితేనే తీయాలని మన ఊళ్ళలో ఇప్పటికీ అంటారు. పాత పద్ధతిలో ముదిరిన కటకం ఒక్క ముక్కగా ఊడి వచ్చేది గనుక ఆ మాట పుట్టింది. ఇప్పటి సూదికి ముదిరినదే కష్టం.

మా అమ్మ, "ఇంకా ముదరలేదులే, మీరు సెలవుకు వచ్చినప్పుడు చూద్దాం" అన్నది. వైద్యులమై ఉండి మేమూ సరే అన్నాము. రెండు సెలవులు అలాగే గడిచాయి. ఒకనాటి సందెవేళ వాకిట్లో మెట్టు ఆనక పడి, తుంటి ఎముక విరిగింది. తరువాత కన్ను బాగయింది గాని, కర్ర లేకుండా నడవలేదు.

మీ ఇంటి పెద్దలకు ఈ వారమే ఫోను చేయండి. సెలవు దాకా ఆగవద్దు.