తుపాకి గొట్టంపై నీలి పొర

ఈస్టిండియా కంపెనీ సిపాయిలు వాడిన 'బ్రౌన్ బెస్' తుపాకి గొట్టాన్ని తళతళ మెరిసేలా ఉంచేవారు. తుప్పు పట్టినప్పుడల్లా తోమాలి. తోమిన ప్రతిసారీ కొంత లోహం అరిగిపోయేది. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ గొట్టానికి మాత్రం నీలి పొర పట్టించారు.

ఇది పూసిన రంగు కాదు. ఎర్ర తుప్పులాగే ఇదీ ఇనుము, ఆక్సిజన్ కలిసి ఏర్పడిన పదార్థమే. దీని పేరు మాగ్నటైట్. ఎర్ర తుప్పు పెచ్చులుగా రాలిపోతుంది. ఇది లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. అయితే ఈ పలుచని పొరలో సూక్ష్మ రంధ్రాలుంటాయి. వాటిలో నూనె నిలిస్తేనే తేమ లోపలికి చేరదు. చేతి చెమటలోని ఉప్పు తగిలినా తుప్పు మొదలవుతుంది.

అందుకే మ్యూజియంలలో ఇలాంటి తుపాకులను చేతి తొడుగులతో పట్టుకుంటారు. మెరిపించాలని గట్టిగా తోమితే తుప్పుతోపాటు నీలి పొర, దాని మీది ముద్రలు, తేదీలు కూడా చెరిగిపోతాయి. అవి చరిత్రకు సాక్ష్యాలని మరువకండి.