పులికాట్ ఇసుక మెట్టలు ఎవరూ లేని నేల కాదు

పోయిన చలికాలం నూజివీడు నుంచి మా హాస్టల్ వాళ్లం ఆరుగురం పక్షులు చూద్దామని సూళ్లూరుపేట వెళ్లొచ్చాం. నేలపట్టులో గూడబాతులు, భీములవారిపాలెంలో పడవ షికారు, బాగా తిరిగాం. ఆ ఫొటోలు ఇదివరకే పెట్టాను. ఈ పోస్టు సరస్సు అవతల కనపడే ఇసుక దీవి గురించి.

పులికాట్ ఉప్పునీటి సరస్సు. మన దేశంలో చిలికా తర్వాత అంత పెద్దది ఇదే. దానికీ బంగాళాఖాతానికీ మధ్య అడ్డుకట్టలా పడుకుని ఉంటుంది శ్రీహరికోట. అలలూ గాలీ వేల ఏళ్లు తోసి పోసిన ఇసుక మెట్టలు, వాటి మీద అడవి. మనకి దగ్గర్లో ఉన్న కొల్లేరు మంచినీళ్ల సరస్సు, దాన్ని చూసిన కళ్లకి ఇది వింతే. రెండు పక్కలా ఉప్పునీళ్లు పెట్టుకుని మధ్యలో మనుషులు ఏం తాగి బతికారు?

చెలమ నీళ్లు. మెట్టల మీద పడ్డ వాన ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. మంచినీళ్లు తేలిక కదా. పల్లంలో కొద్దిగా తవ్వితే తియ్యటి నీళ్లు ఊరతాయి. ఆశపడి లోతుగా తవ్వితే ఉప్పు పైకొస్తుంది. ఎక్కడ తవ్వాలో, ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్లే అక్కడ ఉండగలరు. ఆ తెలిసినవాళ్లు మా యానాదులు.

ఇది నేను గొప్పకి చెప్పటం లేదు, రాసి ఉంది. 1909లో అచ్చయిన థర్‌స్టన్ దొర పుస్తకం ఏడో సంపుటంలో యానాదుల మీద పెద్ద అధ్యాయమే ఉంది. 1835లో దీవి కుంపిణీ ప్రభుత్వం చేతికి వచ్చేసరికే అక్కడ యానాదులు ఉన్నారు. తేనె, కుంకుళ్లు, ముష్టి గింజలు, సుగంధిపాల వేళ్లు అడవిలో ఏరి తెచ్చేవాళ్లు, బదులుగా వడ్లు తీసుకునేవాళ్లు. ఇసుక నేలల్లో పెరిగే చిరివేరు కూడా తవ్వేవాళ్లు. మన కృష్ణా జిల్లా వాళ్లు దీన్ని గమనించాలి. మచిలీపట్నం కలంకారీ బట్టకి పాతకాలంలో ఎరుపు రంగు ఇచ్చింది చిరివేరే. ఓడలెక్కి దేశాలు తిరిగిన ఆ ఎరుపు పేరు చెప్పేటప్పుడు అద్దకం వాళ్లని తలుచుకుంటారు, వర్తకులని తలుచుకుంటారు. ఇసుకలో కూర్చుని వేరు తవ్వినవాళ్లని ఎవరూ తలుచుకోరు.

దీవి కట్టెలు బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో మద్రాసు పొయ్యిలకి వెళ్లేవి. అడవి సర్కారుది, కట్టె కొన్నవాడిది. కొట్టినవాడికి మిగిలింది కూలి. మా నాన్న మామిడి తోట కాపలా మనిషి. నేల ఒకరిది, రసాల కాపు కొనుక్కున్న షావుకారు ఇంకొకరు, రాత్రంతా మేలుకునేది ఆయన. అందుకే థర్‌స్టన్ పుస్తకంలో ఆ పేజీలు నాకు కొత్తగా అనిపించలేదు.

1969లో రాకెట్ కేంద్రానికి శ్రీహరికోటని ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న మొదటి చిన్న రాకెట్ రోహిణి-125 లేచింది. ఎందుకు అక్కడే అంటే, తూర్పున సముద్రం, భూమి తిరిగే వేగం కలిసొస్తుంది, భూమధ్యరేఖకి దగ్గర. ఇవన్నీ నిజమే, ఫిజిక్సులో చదువుకున్నాం. నాలుగో కారణం కూడా రాస్తారు: జనావాసం లేని విశాలమైన నేల. నాకు గుచ్చుకునేది ఈ ముక్కే. జనం తక్కువ అంటే సరే, ఒప్పుకుంటా. లేరు అంటే ఎలా? నెల్లూరు మనిషి వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల మధ్య జీవితమంతా పనిచేసి, మా మీద ఒక పుస్తకమే రాసి 1962లో అచ్చు వేయించారు. అంటే ఎంపికకి ఏడేళ్ల ముందే. ఎవరూ చూడలేదు, తెలియలేదు అనటానికి లేదు.

కేంద్రం కోసం చాలా కుటుంబాలని సరస్సు ఇవతలికి తెచ్చారు, కొన్ని దీవిలోనే ఉండిపోయాయి. ఇవతలికి వచ్చినవాళ్లకి అడవి లేదు, చెలమ లేదు. చేతిలో పట్టా లేనివాడు ఏం పోగొట్టుకున్నాడో ఏ కాగితం మీద లెక్క కడతారు?

రాకెట్ మీద నాకు కోపం లేదు. 2023 జులై 14న చంద్రయాన్-3 లేచినప్పుడు హాస్టల్ టీవీ ముందు నేనూ ఈలలు వేశా. మా వాళ్లు ఖాళీ చేసిన ఇసుక మీద నుంచే అది చంద్రుడి దగ్గరికి వెళ్లింది అన్నది కూడా ఆ రోజు ఎవరైనా ఒక మాట అనుంటే బాగుండేది.

వెళ్లాలనుకునేవాళ్లు చలికాలంలో వెళ్లండి, రాజహంసలు అప్పుడే వస్తాయి. ఎండాకాలం ఉత్తరం వైపు నీళ్లు ఎండిపోతాయి. దీవి లోపలికి అనుమతి లేకుండా వెళ్లనివ్వరు. ప్రయోగం చూడటానికి 2019లో గ్యాలరీ కట్టారు, దానికి ముందే పేరు నమోదు చేసుకోవాలి. దారిలో యానాది కాలనీ కనపడితే ఆగి పెద్దవాళ్లతో మాట్లాడండి. ఫోన్ తీసేముందు అడగండి.

2011 లెక్కల్లో మేం ఐదు లక్షలకి పైనే ఉన్నాం. దీవి నుంచి ఇవతలికి వచ్చిన కుటుంబాల పిల్లలు ఈ గ్రూపులో కూడా ఉండే ఉంటారు. మీ అవ్వని అడిగి, వాళ్లు వదిలొచ్చిన పల్లె పేరు, చెలమ ఏ దిక్కున ఉండేదో కింద రాయండి. ఒక నోటుబుక్కు పెట్టి అన్నీ ఎక్కిస్తున్నా.