యెరూషలేము విడుదలయు లాకీషు పతనమును

శత్రువుల చేతిలోనుండి దేవుడు తన ప్రజలను విడిపించిన వృత్తాంతములు పరిశుద్ధ గ్రంథములో అనేకము కలవు. ఎఱ్ఱ సముద్రము, గిద్యోను సైన్యము, దావీదు గొల్యాతులు - ఇవి మన ఆదివార పాఠశాల పిల్లలకు సైతము కంఠస్థములే. అయితే అట్టి విడుదలలలో ఒకదానిని గూర్చి బైబిలు మాత్రమే గాక, శత్రువు స్వయముగా వ్రాయించుకొన్న శాసనము కూడ మాటలాడుచున్నది. అది క్రీ.పూ. 701లో హిజ్కియా రాజు దినములలో యెరూషలేమునకు కలిగిన విడుదల. రాజుల రెండవ గ్రంథము 18, 19 అధ్యాయములును, యెషయా 36, 37 అధ్యాయములును దీనిని వివరించుచున్నవి.

అష్షూరు రాజ్యము నేటి ఇరాక్ దేశపు ఉత్తర భాగమున టైగ్రిస్ నదీ తీరమున వర్ధిల్లినది. క్రీ.పూ. 722లో ఇశ్రాయేలు రాజధానియైన షోమ్రోను దానికి లోబడెను. క్రీ.పూ. 705లో సర్గోను మరణింపగా సామంతులు అనేకులు తిరుగబడిరి. వారిలో హిజ్కియా ఒకడు. ముట్టడి తప్పదని యెరిగి అతడు గీహోను ఊట నీటిని పట్టణములోనికి మళ్లించెను. ఆ నీరు పారు సొరంగము సుమారు 533 మీటర్లు. రెండు వైపులనుండి బండను తొలుచుచు వచ్చిన పనివారు మధ్యలో కలిసికొనిన సంగతి 1880లో దొరకిన శాసనము తెలుపుచున్నది.

సన్హెరీబు తన దండయాత్రను మట్టి స్తంభముమీద వ్రాయించెను. 1830లో నీనెవెలో దొరకిన ఆ స్తంభము లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియములో ఉన్నది. యూదాలో 46 ప్రాకారపురములను పట్టుకొంటిననియు, 2,00,150 మందిని చెరపట్టితిననియు, హిజ్కియాను పంజరములోని పక్షివలె బంధించితిననియు అతడు చెప్పుకొనెను. కప్పముగా చెల్లించిన బంగారము 30 తలాంతులని బైబిలును, శాసనమును ఏకముగా చెప్పుచున్నవి. వెండి మాత్రము బైబిలులో 300, శాసనములో 800. ఇంత వ్రాసినవాడు యెరూషలేమును పట్టుకొంటినని ఎక్కడను వ్రాయలేదు. ఆ మౌనమే గొప్ప సాక్ష్యము. హిజ్కియా శత్రువు పంపిన ఉత్తరమును మందిరములో యెహోవా సన్నిధిని విప్పి పరచి ప్రార్థించెను. యెహోవా దూత 1,85,000 మందిని హతము చేయగా సన్హెరీబు తిరిగి పోయెననియు, తరువాత తన కుమారుల చేతనే చంపబడెననియు బైబిలు చెప్పుచున్నది. ఆ మరణము క్రీ.పూ. 681లో జరిగెను.

ఇంతవరకు సంతోషమే. అయితే సన్హెరీబు నీనెవె నగరులోని గోడలమీద ఏమి చెక్కించెనో మనము చూడవలెను. అది లాకీషు పతనము. యూదా పురుషులు కొయ్యలకు గ్రుచ్చబడిరి. స్త్రీలు, పిల్లలు బండ్లతో చెరకు పోవుచున్నారు. అదే సంవత్సరము, అదే యూదా ప్రజలు, అదే దేవుడు. యెరూషలేము తప్పింపబడెను, లాకీషు తప్పింపబడలేదు. కారణమేమో గ్రంథము చెప్పదు. లాకీషువారు ప్రార్థింపలేదని చెప్పుటకు మనకు అధికారము లేదు. నేడును ఒక ఇంట రోగి లేచును, ప్రక్క ఇంట లేవడు. ఆ రెండవ ఇంటివారి విశ్వాసమును తూకము వేయుట మన పని కాదు.

మరియొక హెచ్చరిక కలదు. నూరేండ్లు గడచిన తరువాత యెరూషలేమువారు మందిరమున్నది గనుక తమకు భయము లేదనుకొనిరి. ఆ ధైర్యము అబద్ధమని యిర్మీయా మందిర ద్వారమున నిలిచి ప్రకటించెను. అతనిని చంపగోరినప్పుడు పెద్దలు కొందరు లేచి, మీకా ప్రవచనము విని హిజ్కియా యెహోవాయందు భయపడెననియు, అందుచేత కీడు తప్పెననియు జ్ఞాపకము చేసిరి. వారికి జ్ఞాపకమున్నది ప్రాకార బలము కాదు, రాజు తగ్గించుకొనుట. క్రీ.పూ. 586లో బబులోనువారు మందిరమును కాల్చివేసిరి.

ఇక శత్రువు సంగతి. అష్షూరు తన చేతిపని యని దేవుడు పలికి ఆశీర్వదించు దినము వచ్చునని యెషయా 19వ అధ్యాయము చెప్పుచున్నది. నీనెవె యెదుట, నేటి మోసుల్ ప్రాంతమున, క్రీస్తు సంఘము అనేక శతాబ్దములు వర్ధిల్లినది. యోనా కాలపు పశ్చాత్తాపమును తలంచి సిరియక్ సంఘములు నేటికిని మూడు దినములు ఉపవసించుచున్నవి. 2014లో ఆ క్రైస్తవులే మోసుల్ నుండి తరుమబడిరి. ఒకనాటి శత్రువుల నేలమీద మన సహోదరులు విడుదలకై మొఱ్ఱపెట్టిరి. శత్రువులను ప్రేమించుడని ప్రభువు ఆజ్ఞాపించుట ఎంత తగినదో దీనివలన తెలియును.

మన డయాసిస్ నూరేండ్ల చరిత్రను తలంచునప్పుడు దేవుడు తప్పించిన ఆపదలను లెక్కించి స్తోత్రము చెల్లింతము. లాకీషువలె పడిపోయిన గ్రామ సంఘములను, కన్నీటితో మృతినొందిన విశ్వాసులను కూడ ఆ లెక్కలో చేర్చుకొందము. రాబోవు కాలమునకు మన కట్టడములను గాక, ఉత్తరము విప్పి పరచిన ఆ రాజు దీనత్వమును నమ్మకముగా పట్టుకొందము గాక. ఆమేన్.